‘లేదు’ కాదు, ‘కనబడలేదు’

సచిన్ అనగానే చాలామందికి క్రికెట్ గుర్తుకు వస్తుంది. నాకు మరమగ్గాల చప్పుడు గుర్తుకు వస్తుంది. సూరత్ నగరానికి దక్షిణంగా, ముంబయి పోయే రైలుమార్గం మీద ఆ పేరుగల ఊరొకటి ఉన్నది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీ వంశీయులు 1791లో నెలకొల్పిన చిన్న సంస్థానం పేరు కూడా అదే. 1948లో ఆ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. నవాబుల కాలం గడచిపోయి, ఇప్పుడక్కడ పెద్ద పారిశ్రామికవాడ వెలసింది. పాలియెస్టర్ బట్ట నేసే మరమగ్గాలు, రంగుల అద్దకపు మిల్లులు, రసాయనాల కర్మాగారాలు పక్కపక్కనే ఉంటాయి.

సూరత్‌కు తెలుగువారు కొత్త కాదు. తెలంగాణ నేతపల్లెలనుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే వారి సంఖ్య ఎంతటిదో పాఠకులే ఊహించుకోవచ్చు. మా చిన్నాయన 1986లో సిరిసిల్లనుంచి అక్కడికి వెళ్లాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ముప్ఫయి ఏడేళ్లు సాంచాల మధ్య నిలబడి పనిచేసిన మనిషి కావడంవల్ల మామూలు సంభాషణలో కూడా గొంతెత్తి మాట్లాడేవాడు. 2023 నవంబరులో ఆయన ఫోను చేసినప్పుడు ఆ గొంతు లేదు. రెండు మాటలకొకసారి దగ్గు అడ్డు వస్తున్నది.

“బిడ్డా, నీకు ఇంగిలీషు కాయితం ఒకటి పంపుతున్నం. ఏమున్నదో ఉన్నది ఉన్నట్టు చెప్పు” అన్నాడు.

నేను అనువాదకురాలిని. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో కూర్చుని ఇతరుల వాక్యాలను తెలుగులోకి మార్చడమే వృత్తిగా బతుకుతున్నాను. నవలలు చేశాను, కోర్టు పత్రాలు చేశాను, మందుల పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు కూడా చేశాను. మా కుటుంబంలో ఎవరికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా అది నా దగ్గరికే వస్తుంది. “మన పిల్ల చదివి చెప్పిందంటే ఇక తిరుగులేదు” అనే నమ్మకం మావాళ్లది. ఆ నమ్మకం నాకు కొంత గర్వాన్ని కూడా ఇచ్చిందని ఒప్పుకోవాలి.

ఆ గర్వం నన్ను ఒక్క మాట దగ్గర పడవేసింది. ఆ ఒక్క మాట మా చిన్నాయన ప్రాణం మీదికి తెచ్చింది.

*

జబ్బు కథ అంతకు ఆరు నెలల ముందే మొదలయింది. దగ్గు తగ్గలేదు. బరువు తగ్గింది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పై భాగంలో తెల్లని నీడ కనిపించింది. కళ్లెలో క్షయ క్రిములు దొరకలేదు. అయినా క్షయ అనే అనుకుని మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు మింగాడు. మందులకు మూత్రం ఎర్రబడింది గాని దగ్గు మాత్రం అలాగే ఉండిపోయింది.

మన దేశంలో ఇది అరుదైన సంగతి కాదు. క్షయ ఇంటింటికీ తెలిసిన జబ్బు. ఊపిరితిత్తిలో నీడ అనగానే వైద్యుడి ఆలోచన మొదట అటే పోతుంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టిన నాటినుంచి మనిషి తన లోపలి భాగాన్ని కోయకుండానే చూడగలుగుతున్నాడు. కాని ఆ చిత్రంలో నీడ పడుతుందే గాని, ఆ నీడ ఎవరిదో రాసి ఉండదు. క్షయ నీడ, క్యాన్సర్ నీడ కవల పిల్లలలాగా ఉండవచ్చు. తేల్చి చెప్పాలంటే అక్కడినుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడవలసిందే.

చివరకు సూరత్‌లోని ఒక ఆసుపత్రిలో సి.టి. స్కాన్ తీసి, గొంతుగుండా సన్నని గొట్టం పంపి, ముక్క తీశారు. అది క్యాన్సర్ అని తేలింది. శ్లేష్మగ్రంథుల వంటి కణాలనుంచి పుట్టే రకం, అడినోకార్సినోమా అంటారు. చిన్నాయన జన్మలో బీడీ ముట్టినవాడు కాడు. “పొగ తాగనోనికి ఇదెట్ల వచ్చె?” అని చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. పొగాకే ఈ వ్యాధికి ప్రధాన కారణమన్నది నిజమే. అయితే బయటి గాలి కాలుష్యం కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2013లో ప్రకటించింది. పొగ తాగనివారిలో ఎక్కువగా కనిపించేది కూడా ఈ రకమే. ఇంతకు మించి ఒక్క మనిషి విషయంలో ఇదే కారణమని వేలెత్తి చూపడం ఎవరి తరమూ కాదు.

క్యాన్సర్ అని తేలిన తరువాత వైద్యులు ఇంకొక పరీక్షకు రాశారు. అది జన్యుపరీక్ష. దాని అవసరం ఏమిటో రెండు మాటల్లో చెబుతాను.

మన కణాల్లోని జన్యువులు నాలుగే అక్షరాలతో రాసిన గ్రంథం వంటివి. అక్షరాలు మూడేసి కలిసి ఒక పదమవుతాయి. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే అధ్యాయాల్లో ఒకదాని పేరు ఈజీఎఫ్ఆర్. కొందరి కణితిలో ఈ అధ్యాయంలో ఒక అచ్చుతప్పు దొర్లుతుంది. సీ-టీ-జీ అని ఉండవలసిన పదం సీ-జీ-జీ అవుతుంది. నడుమనున్న ఒక్క అక్షరమే మారుతుంది. ఇంకొందరిలో అక్షరాలు మారవు; ఒకేచోట పదిహేను అక్షరాలు ఎగిరిపోతాయి. ఒక్క దీర్ఘం జారిపోతే ‘కాల’ కాస్తా ‘కల’ అవుతుందని ప్రూఫులు దిద్దినవారందరికీ తెలుసు. పుస్తకంలో అయితే పాఠకుడు సర్దుకుంటాడు. కణం సర్దుకోదు. ఆపే మీట విరిగిన సాంచా లాగా పెరుగుదల ఆగకుండా సాగిపోతుంది.

ఆ మీటను పట్టి ఆపే మాత్రలు ఉన్నాయి. వాటిలో మొదటిదైన జెఫిటినిబ్‌ను 2002లోనే జపాన్ అనుమతించింది. అయితే అది కొందరికి అద్భుతంగా పనిచేసి, ఎక్కువమందికి ఏమాత్రం పనిచేయకపోవడం వైద్యులకు కొంతకాలం అంతుపట్టలేదు. 2004లో బోస్టన్‌కు చెందిన రెండు పరిశోధక బృందాలు ఆ ముడి విప్పాయి. ఈ అచ్చుతప్పు ఉన్నవారికే ఆ మాత్ర బాగా పనిచేస్తుందని తేలింది. అప్పటినుంచి ‘మందు ఇవ్వడానికి ముందు అక్షరాలు చదవండి’ అన్నది ఈ వ్యాధి చికిత్సలో నియమమయింది. ముంబయి టాటా మెమోరియల్ పరిశోధకులు 907 మంది భారతీయ రోగుల కణితులను పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారిలో 23 శాతం మందికి ఈ లోపం ఉన్నది. దాదాపు నలుగురిలో ఒకరు.

చిన్నాయన ఆ నలుగురిలో ఒకడా, మిగిలిన ముగ్గురిలో ఒకడా? ఆ సంగతి చెప్పే కాగితమే నాకు ఫోనులో వచ్చింది.

*

అప్పుడు నేను ఒక ప్రచురణకర్తకు గడువు దాటిన పని చేస్తూ ఉన్నాను. ఫోను తెరపై కాగితాన్ని పెద్దది చేసి చూశాను. నడుమ నల్లని పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ‘కనబడలేదు’ అని దాని అర్థం. నేను వెంటనే తమ్ముడికి ఫోను చేసి, “పరీక్షలో ఆ లోపం లేదట” అన్నాను.

‘లోపం లేదు’ అన్న మాట సచిన్‌లో ఆ ఇంట్లో ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. చిన్నమ్మ ముందు దేవుడికి దండం పెట్టుకుంది. లోపం లేదంటే జబ్బు లేదనుకుంది. మరునాడు వైద్యుడు, “ఆ లోపం లేనందువల్ల మాత్ర పనిచేయదు, సెలైన్ ద్వారా ఎక్కించే మందులే దిక్కు” అని వివరించేసరికి ఇల్లు చల్లబడిపోయింది. చిన్నాయన ఎక్కువ మాట్లాడలేదు. తన సాంచా పక్కన పనిచేసిన ఒకతను అలాంటి మందులు ఎక్కించుకుంటూ పడిన బాధ ఆయన కళ్లారా చూశాడు.

“మందు లేదన్నప్పుడు ఈడ ఉండి ఏం లాభం? సిరిసిల్లకు పోదాం. మన మట్టిలనే పోతా” అన్నాడట. తమ్ముడు రైలు టిక్కెట్లు కూడా కొన్నాడు.

వారిని తీసుకురావడానికి నేనే బయలుదేరాను. సికింద్రాబాదులో రైలెక్కి మరునాడు సూరత్‌లో దిగి, అక్కడినుంచి సచిన్ చేరేసరికి పొద్దు వాలుతున్నది. చిన్నమ్మ సామాను సర్దుతున్నది. ముప్ఫయి ఏడేళ్ల కాపురం నాలుగు సంచుల్లో ఇమిడిపోతున్నది. ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉన్నాయి. ఊరికే కూర్చోలేక నేను వాటిని వరుసగా పేర్చసాగాను.

జన్యుపరీక్ష ఫలితానికి రెండో పుట ఉన్నది. ఫోనులో వచ్చినది మొదటి పుట మాత్రమే. రెండో పుట ఎక్కడని అడగాలన్న ఆలోచన కూడా ఆనాడు నాకు తట్టలేదు.

ఆ రెండో పుటలో చిన్న అక్షరాలతో రాసి ఉన్న సంగతి ఇది: పరీక్షకు వచ్చిన ముక్కలో క్యాన్సర్ కణాలు సుమారు 5 శాతం మాత్రమే. ఈ పద్ధతికి అందే కనిష్ఠ పరిమితికంటె మార్పు తక్కువగా ఉంటే అది కనబడకపోవచ్చు. ఫలితాన్ని జాగ్రత్తగా అన్వయించుకోవాలి. వీలయితే మరొక ముక్కతో పరీక్షించడం మంచిది.

నేను ఆ పుటను మూడుసార్లు చదివాను. పరీక్ష చేసినవారు ఏ తప్పూ చేయలేదు. చెప్పవలసినదంతా చెప్పారు. వారు ‘కనబడలేదు’ అని రాశారు. నేను ‘లేదు’ అని అనువదించాను. ఇంట్లో తాళంచెవి వెతికి దొరకనప్పుడు ‘కనబడలేదు’ అంటామే గాని, ‘ఇంట్లో తాళంచెవి లేదు’ అనం గదా! పదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసిన ఆ తేడాను ఇరవై ఏళ్ల అనుభవమున్న నేను మింగేశాను.

ఆ రాత్రి సచిన్‌లో నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో రాత్రిపాళీ సాంచాలు ఆడుతూనే ఉన్నాయి.

*

మరునాడు కాగితాలను, ఆసుపత్రిలో భద్రపరచిన మైనపు దిమ్మను తీసుకుని తమ్ముడూ నేనూ ముంబయి వెళ్లాము. శరీరంనుంచి తీసిన ముక్కను మైనంలో ఇమిడ్చి ఉంచుతారు. అవసరమైనప్పుడల్లా దానినుంచి పలచని పొరలు కోసి చూస్తారు. ఒక్కొక్క పొర మందం నాలుగైదు మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో రెండువందల భాగాల్లో ఒక భాగానికి మించదు. ఆ దిమ్మను రోగి కుటుంబం అడిగి తీసుకుని మరొకచోట చూపించుకోవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు.

అక్కడి వ్యాధినిర్ధారణ వైద్యురాలు ఓపిక గల మనిషి. నేను అనువాదకురాలినని, తప్పు నాదేనని చెప్పగానే ఒక్క క్షణం నావైపు చూసి, కుర్చీ జరిపి, “రండి, మీరే చూడండి” అన్నారు.

సూక్ష్మదర్శినితో పాటు ఆమె బల్లమీద పెద్ద తెర ఉన్నది. గాజుపలకను యంత్రంలో పెడితే అది మొత్తం పొరను చిత్రంగా మార్చి తెరమీద చూపుతుంది. ఇలాంటి చిత్రాలనే చూసి రోగనిర్ధారణ చేయడానికి అమెరికా ప్రభుత్వం 2017లో మొదటిసారి అనుమతి ఇచ్చింది. తెరమీద లేత గులాబిరంగు మైదానం, దానిమీద ఊదారంగు చుక్కలు. గులాబిరంగు కణాల ఒళ్లు. ఊదారంగు వాటి కేంద్రకాలు. “ఇదంతా మామూలు ఊపిరితిత్తి. ఇవి వాపుకు వచ్చి చేరిన తెల్లకణాలు. ఇది రక్తం. మీ చిన్నాన్నగారి క్యాన్సర్ ఇదిగో, ఈ మూలన ఉన్నది” అని చూపించారు. రవ్వంత చోటులో, గుంపుగా చేరిన ముదురు చుక్కలు. మిగిలిన పొరంతా అమాయకమైనదే.

“ఈ పొరను మొత్తంగా గీకి పరీక్షకు పంపితే ఏమవుతుంది? నూరు కణాల్లో అయిదే క్యాన్సర్‌వి. ప్రతి కణంలోను ఆ అధ్యాయం రెండేసి ప్రతులు ఉంటాయి. మొత్తం రెండువందల ప్రతులు. క్యాన్సర్ కణంలో కూడా సాధారణంగా ఒక ప్రతిలోనే తప్పు ఉంటుంది. అంటే రెండువందల ప్రతుల్లో అయిదింట మాత్రమే అచ్చుతప్పు. రెండున్నర శాతం! ఆ పరీక్ష అయిదు శాతంకంటె తక్కువను పట్టలేదు. వారి తప్పేమీ లేదు. వెదకవలసిన దానికంటె వెదికే చోటు పెద్దదైపోయింది.”

అందుకనే జన్యుపరీక్షకు ముందు చిత్రపరీక్ష ఉండాలన్నారామె. ముందు రంగు వేసిన పొరను చూసి, క్యాన్సర్ కణాలు దట్టంగా ఉన్న చోటు చుట్టూ గీత గీస్తారు. ఆ గీతనే పటంగా పెట్టుకుని, పక్కపొరల్లో ఆ మేరకే గీకి తీసి, జన్యువులను వెలికితీస్తారు. అంతకంటె సూక్ష్మంగా కావాలంటే లేజరు కిరణంతో కావలసిన కణాలనే ఏరి తీసే విధానం 1996నుంచి ఉన్నది. ముక్కలో క్యాన్సర్ కణాలు 20 శాతం ఉన్నా లోపాన్ని పట్టగల పరీక్షలు ప్రయోగశాలల వద్ద ఉండాలని అంతర్జాతీయ ఊపిరితిత్తుల క్యాన్సర్ అధ్యయన సంఘం, మరికొన్ని సంస్థలు కలిసి 2018లో సూచించాయి. మా ముక్కలో ఉన్నది అందులో నాలుగో వంతు.

కొన్ని జన్యులోపాలను చూపుతోనే పట్టుకోవచ్చునని కూడా ఆమె వల్లనే తెలిసింది. ఏఎల్‌కే అనే మరొక జన్యువు ఉన్నది. దాని విషయంలో వచ్చేది అచ్చుతప్పు కాదు, బైండింగు తప్పు. ఒక అధ్యాయం నడుమ చిరిగి మరొకదానితో కలిసి కుట్టబడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ సంగతిని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ జన్యువు రెండు కొసలకూ ఎరుపు, ఆకుపచ్చ మెరుపు చుక్కలు అంటిస్తారు. చుక్కలు జంటగా ఉంటే జన్యువు కుదురుగా ఉన్నట్లు. దూరమైతే చిరిగినట్లు. కనీసం 50 కణాలను లెక్కపెట్టి, వాటిలో 15 శాతానికి తక్కువ కాకుండా చుక్కలు విడిపోయి కనిపిస్తేనే లోపం ఉన్నదని తేలుస్తారు. ఇంత పెద్ద నిర్ణయం చివరకు చుక్కలు లెక్కపెట్టడం మీద ఆధారపడి ఉన్నదంటే నాకు ఆశ్చర్యం కలిగింది.

“మరి ఈ లెక్క యంత్రమే పెట్టకూడదా?” అని అడిగాను.

“పెడుతున్నది. మామీదకంటె దానిమీద నాకు కొంచెం ఎక్కువ నమ్మకం కూడా” అని ఆమె నవ్వారు. ఒకే పొరను చూసి క్యాన్సర్ కణాలు ఎంత శాతమని అడిగితే అనుభవజ్ఞులు కూడా తలా ఒక అంకె చెబుతారట. కంప్యూటరు వేలకొద్దీ కేంద్రకాలను విసుగులేకుండా లెక్కపెట్టగలదు. అంతేకాదు, న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో మరొక అడుగు వేశారు. మామూలు గులాబి-ఊదా చిత్రాలను చూసి, లోపల ఏ జన్యువులో మార్పు ఉండవచ్చునో ఊహించేలా కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు. ఆరు జన్యువుల విషయంలో దాని ఊహ చాలావరకు ఫలించింది. ఆ ఆరింటిలో ఈజీఎఫ్ఆర్ ఒకటి. “కాని అది ఊహే. ముఖం చూసి మనసులో మాట చెప్పినట్లు. ఆ మాట నమ్మి మందు ఇవ్వరాదు. ఎక్కడ వెదకాలో చెబుతుంది. వెదకవలసినది మాత్రం అక్షరాల్లోనే” అన్నారామె.

పాత ముక్కలో ఇక గీకడానికి కూడా పదార్థం మిగలలేదు. జబ్బు ఏ రకమో తేల్చే పరీక్షలకే అది చాలావరకు అయిపోయింది. కొత్తగా ముక్క తీయాలి. ఈసారి ముందుగా పెట్ స్కాన్ తీసి, కణితిలో చురుకుగా ఉన్న భాగమేదో, లోపల కుళ్లి చచ్చిన భాగమేదో చూసి, సి.టి. చిత్రం మీద దారి గుర్తించి, పక్కటెముకల మధ్యనుంచి సూది పంపుతారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం కొద్దిగా ఉన్నది. రోగి ఒప్పుకోవాలి.

*

ఒప్పించడం ఎలాగ? నేను సచిన్‌కు తిరిగి వచ్చి చిన్నాయన ముందు కూర్చున్నాను. ముందు నా తప్పు చెప్పాను. చెప్పడం సులభం కాలేదు. “నేను చదివి చెప్పింది తప్పు చిన్నాయనా. వాళ్లు లేదని రాయలేదు, కనబడలేదని రాసిన్రు. నేనే లేదన్న” అన్నాను. తరువాత గులాబిరంగు మైదానం, మూలనున్న చుక్కలు, రెండువందల్లో అయిదు లెక్క, నాకు చేతనైనట్లు వివరించాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గోడకు ఆనించి ఉన్న బట్టచుట్ట వైపు చూశాడు. సూరత్‌లో మగ్గం దిగిన నిండు బట్టచుట్టను తాకా అంటారు.

“గంతేనా? దీనికి ఇంత చదువెందుకు? తాకాల ఏడనో ఒక పోగు తెగింది. ఎట్ల దొరకబడతవ్? బట్టను వెలుగుకు పట్టి, తప్పున్న కాడ సుద్దముక్కతోని గుర్తు పెట్టి, ఆడ చూడాలె. కండ్లు మూసుకొని ఏదో కొస కత్తిరించి, ‘ఈ ముక్కల తప్పు లేదు, తాకా మంచిగున్నది’ అంటే సేటు ఊకుంటడా?”

నేను రెండు రోజులుగా వెదుకుతున్న వాక్యం అది. ఇంగ్లీషు పుస్తకాల్లో గాని, వైద్యురాలి తెరమీద గాని దొరకని స్పష్టతతో ఆయన దాన్ని మరమగ్గాల భాషలో చెప్పేశాడు.

“సుద్దముక్క పెట్టినంక మల్ల సూది గుచ్చుతరా?” అని అడిగాడు.

“అవును.”

“అయితే పోదాం” అన్నాడు. చిన్నమ్మ సంచుల మూతులు విప్పింది.

*

రెండో ముక్కలో క్యాన్సర్ కణాలు సగానికి పైగా ఉన్నాయి. పది రోజులకు వచ్చిన ఫలితాన్ని ఈసారి మొదటి పుట మొదటి అక్షరంనుంచి చివరి పుట చివరి చుక్కదాకా చదివి, ఆ తరువాతనే ఫోను ఎత్తాను. ఈజీఎఫ్ఆర్ అధ్యాయంలో 858వ పదం. సీ-టీ-జీ ఉండవలసిన చోట సీ-జీ-జీ. ఒక్క అక్షరం. అది మొదటినుంచీ అక్కడే ఉన్నది. ఎవరూ దాని దగ్గరకు వెళ్లలేదు, అంతే.

వైద్యులు మాత్రతో పాటు కొద్దిపాటి సెలైన్ మందులు కూడా మంచివన్నారు. దానికి ఆధారం మన దేశంలోనే ఉన్నది. టాటా మెమోరియల్‌లో 350 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. మాత్ర ఒక్కటే తీసుకున్నవారిలో జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంటే, మాత్రతో పాటు మందులు ఎక్కించినవారిలో 16 నెలలు ఉన్నది. అలా ఎక్కించే మందుల్లో ఒకటి పెమెట్రెక్సెడ్. ఫోలిక్ ఆమ్లానికి ప్రతిద్వంద్విగా పనిచేసే మందుల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబానికి ఆద్యుల్లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1940లలో అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ మొదటిసారి పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం లొంగదీశాడు. సెలైన్ సీసా వంక బెదురుగా చూస్తున్న చిన్నాయనకు ఈ సంగతి చెప్పాను. “మనోడేనా?” అని, చెయ్యి చాపాడు.

ఆయన నన్ను ఇంకొక ప్రశ్న కూడా అడిగాడు. “దీంతోని నయమైతదా?”

ఈసారి అనువాదంలో ఏమీ మింగదలచుకోలేదు. “నయం కాదు చిన్నాయనా. ఆగుతది. ఎన్ని రోజులు ఆగుతదో ఎవరూ చెప్పలేరు. తరువాత మాత్ర పనిచెయ్యకుంటే, మళ్లీ ముక్క తీసి, మళ్లీ చదివి, ఇంకో మందు చూస్తరు” అన్నాను. ఆయన తల ఊపాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆయన మొదటిరోజే అడిగాడు. నేను చెప్పడానికి ఆలస్యమయింది.

ఇది జరిగిన తరువాత నా పనిలో ఒక అలవాటు వచ్చింది. వైద్యపత్రమేదైనా అనువాదానికి వస్తే ముందు పుటలు లెక్కపెడతాను. తరువాత చిన్న అక్షరాలు చదువుతాను. నల్లని పెద్ద అక్షరాల దగ్గరకు చివరన వస్తాను. పాఠకుల్లో ఎవరి ఇంటికైనా ఇలాంటి కాగితం వస్తే నేను చెప్పదలచిన మాట కూడా ఇదే. ఫలితం ఏమిటని మాత్రమే అడగవద్దు. పరీక్షకు పంపిన ముక్కలో క్యాన్సర్ కణాలు ఎంత శాతం ఉన్నాయని కూడా అడగండి. ఆ అంకె కాగితంలో ఎక్కడో ఉంటుంది. లేకపోతే దాన్ని కోరే హక్కు మీకున్నది. మొదట చిన్నాయన ఎక్స్‌రే నీడను మాత్రమే చూసి క్షయ అన్నారు. అక్కడ చూపు ఉన్నది, చదువు లేదు. తరువాత ముక్కను గుర్తు పెట్టకుండా చదివి లోపం కనబడలేదన్నారు. అక్కడ చదువు ఉన్నది, చూపు లేదు. రెండూ కలిసిన నాడే నిజం తెలిసింది.

మాత్ర మొదలుపెట్టిన పద్నాలుగో నెలలో మళ్లీ స్కాన్ తీశారు. చిన్నాయన ఇప్పుడు సాంచాల దగ్గర నిలబడడం లేదు. కొడుకు పనిచేసే చోట బల్లమీద బట్టను వెలుగుకు పరచి, తప్పులు చూసి, గుర్తులు పెడుతూ కూర్చుంటాడు. గొంతు పూర్వంలాగానే లేచింది. స్కాన్ కాగితం నాకు పంపి, గంటకే ఫోను చేశాడు.

“ఏమన్నరు బిడ్డా?”

“పెరగలేదు చిన్నాయనా.”

అటువైపు ఒక్క క్షణం మౌనం. తరువాత ఆ పాత పెద్ద గొంతు వినిపించింది.

“పెరగలేదా, పెరిగినట్టు కనబడలేదా? ఏది రాసిన్రో మల్లొక్కసారి సక్కగ చూడు.”

నేను నవ్వుకుంటూ రెండో పుట తీశాను.